గాలికి పట్టా

మా ఏజెన్సీ కొండల్లో రేడియో పగలొక తీరుగా, రాత్రొక తీరుగా పలికేది. పగలు విశాఖపట్నం ఒక్కటే వచ్చేది, అదీ గరగరమంటూ. పొద్దు గూకితే చాలు, ముల్లు ఎక్కడ ఆపినా ఒరియా, తమిళం, హిందీ, ఏ దేశానివో తెలియని మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. మా పెద్దలు సంతలో కొనుక్కొచ్చిన పెట్టెను చెవికి ఆనించుకుని, అరుగు మీదికీ చెట్టు కిందికీ మోసుకు తిరిగి వార్తలు వినేవారు. ఎప్పుడో ఒక కొండపాట వచ్చేది, దాని ముందూ వెనకా మాటలన్నీ తెలుగే. లోకంలోని భాషలన్నీ దూరిన ఆ పెట్టెలో మా భాష ఎందుకు లేదని అప్పట్లో మేము అడగలేదు. చోటు లేదేమో అనుకున్నాం.

చోటు మాట పూర్తిగా అబద్ధం కాదు. మీడియం వేవ్, అంటే ఏఎం రేడియో, పగలు నేలను పట్టుకుని పోతుంది. రాత్రి ఆకాశంలో పై పొరలకు తగిలి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. ఇక్కడ పెట్టిన స్టేషను ఇంకో రాష్ట్రంలో, ఇంకో దేశంలో ఎవరి మాటకో అడ్డం పడవచ్చు. అందుకే కొత్త ఏఎం స్టేషను పెట్టాలనుకున్నవాళ్లు ముందుగా ఉన్నవాళ్లకు నష్టం రాదని లెక్కలు కట్టి చూపాలి. ఉన్నవాళ్లు అభ్యంతరం చెబుతారు. లాయర్లు వస్తారు, ఏళ్లు గడుస్తాయి. మన దేశంలో మీడియం వేవ్ ఆకాశవాణి చేతిలోనే ఉండిపోయింది కాబట్టి ఈ తగాదా మనకు కనపడలేదు. అమెరికాలో అది దాదాపు నూరేళ్లుగా నడుస్తోంది. అక్కడ మనలాంటి వాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ కథ మనం తెలుసుకోవాలి.

1926లో అక్కడ ఒక కోర్టు తీర్పుతో ప్రభుత్వానికి రేడియో మీద అదుపు పోయింది. ఎవరికి ఇష్టమైన చోట వాళ్లు, ఎంత బలంతో కావాలంటే అంత బలంతో కూయడం మొదలుపెట్టారు. ఇళ్లలో విన్నవాళ్లకు మిగిలింది ఈలలూ రొదా. మరుసటి ఏడు రేడియో చట్టం వచ్చింది. కట్టుబాటు అవసరమే. నలుగురూ ఒకేసారి అరిస్తే పంచాయితీ సాగదని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1928లో కొన్ని పెద్ద స్టేషన్లకు రాత్రిపూట దేశమంతా అడ్డు లేకుండా వినిపించేలా విడి చోట్లు కేటాయించారు. 660 న్యూయార్క్‌కు వెళ్లింది.

ఆ చోట్లలోకి మరొకరు రావాలంటే ఎంత కష్టమో చెప్పడానికి 770 తగాదా చాలు. 1941లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్క్ స్టేషనును న్యూయార్క్ స్టేషను ఉన్న 770 మీదికే మార్చారు. న్యూయార్క్ వాళ్లు ఒప్పుకోలేదు. కమిషనూ కోర్టులూ తిరిగి తిరిగి ఆ వివాదం మూడు దశాబ్దాలు దాటింది. ఆల్బుకర్క్ స్టేషను ఏళ్ల తరబడి తాత్కాలిక అనుమతుల మీదే నడిచింది. లాయర్లను పెట్టుకోగలిగిన సంస్థకే ఆ గతి.

ఆల్బుకర్క్‌కు పడమటగా నవాహోల నేల ఉంది. వాళ్లు తమను డినే అని చెప్పుకుంటారు. 1864లో సైన్యం వాళ్లను ఇళ్లు కాల్చి వందల మైళ్లు నడిపించింది. 1868 ఒప్పందంతో తిరిగి తమ నేలకు చేరారు. అమెరికా ప్రభుత్వం ఆదివాసులందరినీ పౌరులుగా ఒప్పుకున్నది 1924లో. అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో వాళ్లకు ఓటు దక్కింది 1948లో. మధ్యలో, 1928లో, గాలిని పంచారు. ఆ పంపకం నాటికి వాళ్లు పౌరులై నాలుగేళ్లు, ఓటింకా లేదు. 'ముందు వచ్చినవారికి హక్కు' అనే మాట ఆ రోజు నుంచి గాలిలో చెల్లింది. నేల మీద అందరికన్నా ముందు ఉన్నవాళ్లకు ఆ మాట చెల్లలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే భాష రేడియోలోకి ఎక్కింది. 1942 నుంచి అమెరికా మెరైన్ దళం నవాహో యువకులతో వాళ్ల భాషలో రహస్య సందేశాలు పంపించింది. జపాన్ వాళ్లు దాన్ని విప్పలేకపోయారు. బోర్డింగ్ స్కూళ్లలో ఆ భాష మాట్లాడితే పిల్లలను శిక్షించిన ప్రభుత్వమే యుద్ధానికి మాత్రం దాన్ని వాడుకుంది. యుద్ధం అయ్యాక ఆ నోళ్లు మూసుకోవాలన్నారు. 1968 దాకా అది రహస్యమే.

1980లో నియమం కొంత మారింది. పెద్ద స్టేషన్ల రాత్రి రక్షణను చుట్టూ 750 మైళ్లకు, అంటే సుమారు 1,200 కిలోమీటర్లకు, కుదించారు. 1986లో విండో రాక్ ఊరి నుంచి నవాహోల స్టేషను కేటీఎన్‌ఎన్ మొదలైంది, 50,000 వాట్లతో, న్యూయార్క్ ఉన్న ఆ 660 మీదే. ఇద్దరి మధ్యా దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. అయినా రాత్రయితే ఆ స్టేషను తన గొంతును అన్ని దిక్కులకూ సమంగా వదలకూడదు. అవతలి వాళ్లకు అడ్డం రాకుండా టవర్లతో దిశ మార్చి పంపాలి. చలికాలపు రాత్రి గొర్రెలు తోలి ఇంటికొచ్చిన ముసలమ్మ తన భాషలో వాతావరణం సంగతి వింటుంటే, న్యూయార్క్‌లో ఎవరి చెవిలోనూ ఈల వినపడకూడదని.

ఇక్కడ మాకే ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచిపెట్టలేం. మేము నేల సంగతి మాట్లాడేటప్పుడు 'ఇక్కడికి ముందు వచ్చింది మేమే' అంటాం. పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టినప్పుడు 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్నామని నిరూపించమన్నారు. తాతల నాటి చింతచెట్లను సాక్ష్యంగా చూపించాం. నేల మీద ముందురాకను హక్కుగా అడిగేవాళ్లం, గాలిలో అది అన్యాయమని ఎలా అనగలం? న్యూయార్క్ వాడు ఈ ప్రశ్న వేస్తే ఏం చెబుతాం?

మేము చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి మాకు తోచింది ఇది. మా ఊళ్లో కొత్త కాపురానికి కొండవాలు చూపించేటప్పుడు పెద్దలు అడిగేది ఎవరు ముందు వచ్చారని ఒక్కటే కాదు. ఈ చెక్క పోతే నీకింకేం మిగులుతుంది అనీ అడుగుతారు. నేల మాదన్నప్పుడు మా అసలు బలం తేదీలో లేదు, అది పోతే మాకు మరొకటి లేకపోవడంలో ఉంది. న్యూయార్క్‌లో ఒక స్టేషను రాత్రి కాస్త గరగరమంటే వినేవాడు ముల్లు తిప్పుకుంటాడు, పక్కన ఇరవై ఉంటాయి. విండో రాక్‌లో ముల్లు తిప్పితే డినే భాష దొరికే చోట్లు ఎన్ని? అంతరాయాన్ని కొలిచే యంత్రాలు ఉన్నాయి. వినపడని మాటను కొలిచే లెక్క ఏ దరఖాస్తులోనూ లేదు. ఆలస్యమైన ప్రతి ఏడూ కథలు తెలిసిన ఒక ముసలివాడు పోతాడు, ఆ నష్టం మీద అభ్యంతరం దాఖలు చేసేవాళ్లు ఉండరు.

మన దగ్గరికి వస్తే, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. అయినా జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియోకు 1998లో స్టూడియో కట్టుకున్నాక గాలిలోకి ఎక్కడానికి పదేళ్లు పట్టింది. 2008 అక్టోబరు 15న మొదలైంది. అదీ ఎఫ్ఎం. ఎఫ్ఎం సూటిగా పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే 100 వాట్లు మా లోయల్లో ఎంత దూరం పోతాయో మాకు తెలుసు. ఇంకోపక్క ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లను ఒక్కొక్కటిగా ఆపేస్తోంది. ఇన్నాళ్లూ చోటు లేదన్నారు. ఇప్పుడు ఖాళీ అవుతున్న చోటు ఎవరికి ఇస్తారని మమ్మల్ని అడిగినవాళ్లు లేరు.

మొన్న సంత రోజు మేము కొందరం కూర్చుని, రేపు నిజంగానే ఒక స్టేషను ఇస్తే ఎలా నడుపుకోవాలో మాట్లాడుకున్నాం. కువి వాళ్లం ఎక్కువమందిమి, పొద్దుటి పూట మాదన్నాం. కొండదొరలు సాయంత్రం అడిగారు. ఆదివాసీ ఒరియాకు కొంత, తెలుగు తప్పదు కాబట్టి దానికి కొంత. లెక్క అయిపోయిందనుకుని లేవబోతుంటే, చివర కూర్చున్న గదబ తమ్ముడు "మాకెన్ని నిమిషాలు?" అన్నాడు. మేమంతా మళ్లీ కూర్చున్నాం. చీకటి పడేదాకా ఆ లెక్క తేలలేదు. వచ్చే సంతకు మళ్లీ కూర్చుంటాం.