అడవి చూడబోయే ముందు

సెలవులు వచ్చినా, పండుగ మర్నాడు వచ్చినా మన ముస్లిం కుటుంబాలు పిల్లాపాపలతో బయలుదేరే చోట్లలో జంతువులుండే చోటు ఒకటి తప్పక ఉంటుంది. ఈద్ మర్నాడు హైదరాబాద్ నెహ్రూ జూపార్కు ముందు నిలబడి చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు జూపార్కుతో సరిపెట్టుకోకుండా నల్లమలకో, కవ్వాల్ అడవికో, పులికాట్ సరస్సుకో ప్రయాణం కట్టేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. సంతోషమే. అయితే కొందరు ధర్మనిష్ఠాపరులు దీన్ని శంకిస్తారు. 'ఇది వృథా కాలక్షేపం కాదా? ఆ డబ్బు పేదలకిస్తే పుణ్యం కాదా?' అంటారు. మరికొందరికి ఏ శంకా ఉండదు. వెళ్తారు, తింటారు, కేకలు వేస్తారు, చెత్త అక్కడే పారేసి తిరిగొస్తారు. మొదటివారి శంక కంటే రెండవవారి నిశ్చింతే మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

ముందు శంక సంగతి చూద్దాం. దివ్యఖుర్ఆన్ అన్కబూత్ సూరాలో భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమన్న ఆదేశం ఉంది. ఒంటె ఎలా సృష్టించబడిందో చూడరా అని గాషియా సూరా అడుగుతుంది. తలల మీద రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే పక్షుల్ని గాలిలో నిలిపి ఉంచేది కరుణామయుడు తప్ప మరెవరూ కాదని ముల్క్ సూరా గుర్తు చేస్తుంది. చీమ మాట్లాడిన సంగతి, తేనెటీగకు అందిన ప్రేరణ, తమ్ముణ్ణి చంపి శవాన్ని ఏం చేయాలో తెలియక నిలబడ్డ ఆదం కుమారుడికి కాకి నేర్పిన పాఠం - ఇవన్నీ మన గ్రంథంలోనివే. రాత్రీపగలూ వీటిని పారాయణం చేసే మనం ఆ జీవాల్ని కళ్ళతో చూడటం వృథా ఎలా అవుతుంది? చూసే తీరును బట్టి అది ఆరాధనా కావచ్చు, ఆటపాటా కావచ్చు.

చిన్న ఉదాహరణ. సులైమాన్ ప్రవక్త (అ)కు సబా రాణి కబురు తెచ్చిన హుద్‌హుద్ పక్షి గురించి మదర్సాకు వెళ్ళే ప్రతి పిల్లవాడికీ తెలుసు. కానీ ఆ పక్షి మన పొలాల గట్ల మీదే నడుస్తుందని ఎంతమందికి తెలుసు? కొందరు దాన్ని వడ్రంగి పిట్ట అంటారు. అది వేరు, ఇది వేరు. వడ్రంగి పిట్ట చెట్టు మానును పట్టుకుని పాకుతూ బెరడును పొడుస్తుంది. హుద్‌హుద్ నేల మీద నడుస్తూ, సన్నగా వంగిన పొడవాటి ముక్కుతో మట్టిలో పురుగుల్ని వెతుక్కుంటుంది. రెక్కల మీద నలుపు తెలుపు చారలు, తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు. దాన్ని ఒక్కసారి చూపించి, అప్పుడు నమ్ల్ సూరా చదివించండి. పిల్లవాడు ఆ ఆయతుల్ని ఇక మరచిపోడు.

పులికాట్ సంగతి తీసుకుందాం. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో ఇక్కడికి వేలాదిగా ఫ్లెమింగోలు వస్తాయి. అవి గుడ్లు పెట్టేది ఎక్కడో గుజరాత్‌లోని కచ్ ఎడారిలో, మేతకు వచ్చేది ఇక్కడికి. ఈ పక్షి తలను తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కులోని జల్లెడ వంటి అమరికతో బురదనీటిని వడగట్టి ఆహారం తీసుకుంటుంది. పుట్టినప్పుడు బూడిద రంగు పిల్ల. తినే తిండిలోని వర్ణద్రవ్యాల వల్లే దాని రెక్కలకు ఆ గులాబీ రంగు వస్తుంది. సరస్సుకు కొంత దూరంలో నేలపట్టు చెరువు ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. 1976లో దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. నీళ్ళలో నిలబడి ఉండే చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. తల్లీతండ్రీ పులికాట్ దాకా ఎగిరిపోయి చేపలు పట్టి తెస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి మేత అందుకుంటుంది. నేల మీద సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యతా అల్లాహ్‌దేనన్న హూద్ సూరా వాక్యానికి ఇంతకంటే వ్యాఖ్యానం ఏం కావాలి?

కానీ ఆ గూళ్ళ కిందికి మనం ఎలా వెళ్తున్నామన్నదే అసలు ప్రశ్న.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) ఏదో అవసరానికి పక్కకు వెళ్ళారు. అప్పుడు సహచరులకు ఒక చిన్న పక్షి, దాని రెండు పిల్లలు కనిపించాయి. వారు ఆ పిల్లల్ని తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు టపటపలాడిస్తూ వారి చుట్టూ తిరగసాగింది. ప్రవక్త (స) తిరిగి వచ్చి ఆ దృశ్యం చూశారు. పిల్లల విషయంలో ఈ తల్లిని క్షోభపెట్టింది ఎవరని నిలదీశారు, పిల్లల్ని తిరిగి దానికి ఇచ్చేయమన్నారు. సహచరులు ఆ పిల్లల్ని చంపలేదు, గాయపరచలేదు. తల్లి పడ్డ ఆందోళనే అక్కడ నేరంగా లెక్కకు వచ్చింది.

ఇప్పుడు నేలపట్టుకు రండి. గూళ్ళ మీద పక్షులు పొదుగుతున్న రోజుల్లో గట్టు మీద నుంచి ఎవరో చప్పట్లు కొడతారు. పక్షులన్నీ ఒక్కసారి లేస్తే ఫోటో బాగా వస్తుందట! పిల్లవాడు రాయి విసిరితే తండ్రి నవ్వుతాడు. లేచిన గూడబాతు తిరిగి గూటికి చేరేలోపు కాకి వచ్చి గుడ్డు తన్నుకుపోవచ్చు, లేదా ఎండకు లేత పిల్ల సొమ్మసిల్లవచ్చు. మనం మాత్రం ఫోటో చూసుకుంటూ బిర్యానీ డబ్బా విప్పుతాం. ఆ తల్లిని క్షోభపెట్టింది ఎవరన్న ప్రశ్న ఇక్కడ ఎవరి మీదికి వస్తుంది?

మాయిదా సూరాలో ఇహ్రాం స్థితిలో ఉన్నవారికి ఒక పరీక్ష గురించి చెప్పబడింది. చేతులకూ బల్లేలకూ అందేంత దగ్గరకు వేట జంతువులు వస్తాయి, అయినా ముట్టకూడదు. కనిపించని ప్రభువుకు ఎవరు భయపడతారో అప్పుడు తేలుతుంది. మనం ఇహ్రాంలో లేము, నిజమే. కానీ అందుబాటులో ఉన్నా చెయ్యి ఆపుకోవడమనే శిక్షణ మక్కాకే పరిమితమా? మదీనాలోని రెండు లావా మైదానాల మధ్య ప్రాంతాన్ని దైవప్రవక్త (స) పవిత్ర క్షేత్రంగా ప్రకటించారు. అక్కడి వేటను తరమరాదు. హజ్రత్ అబూహురైరా (రజి) మదీనాలో జింకలు మేస్తుండగా చూసినా తాను వాటిని బెదరగొట్టనని అనేవారు. చంపడం మాట అటుంచి, బెదరగొట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు.

ఇక వేట విషయం. దీన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. 'మన ధర్మంలో వేట హలాల్. అడవిలోని జింకకు యజమాని ఎవరు? బిస్మిల్లాహ్ అని జబహ్ చేస్తే తప్పేముంది?' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దావతుల్లో దుప్పి మాంసం పెట్టడం గొప్పగా చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. వేట మూలతః ధర్మసమ్మతమే, సందేహం లేదు. అలాగని వేటకు దొరికే ప్రతి చోటూ వేటకు అనుమతించబడిన చోటు కాదు. ప్రజల ప్రయోజనం కోసం కొంత నేలను ప్రత్యేకించి కాపాడే పద్ధతిని అరబ్బులు 'హిమా' అనేవారు. జాహిలియ్యత్ కాలంలో బలవంతులు తమ సొంతానికి హిమాలు పెట్టుకునేవారు. ఇస్లాం దాన్ని రద్దు చేసి, సమాజ ప్రయోజనానికి మాత్రమే హిమా ఉండాలని నిర్ణయించింది. దైవప్రవక్త (స) నఖీ అనే ప్రాంతాన్ని, హజ్రత్ ఉమర్ (రజి) సరఫ్, రబజా ప్రాంతాల్ని అలా ప్రత్యేకించారు. మన అభయారణ్యాలకు దీనికంటే దగ్గరి పోలిక ఏముంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింక వంటి ప్రాణిని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. ఆ శిక్ష భయం ఒక ఎత్తు. ఒప్పందాల్ని నెరవేర్చమన్న ఆదేశంతోనే మాయిదా సూరా ఆరంభమవుతుందన్నది ఇంకో ఎత్తు. గేటు దగ్గర టికెట్ కొని లోపలికి వెళ్ళినవాడు ఆ షరతులకు ఒప్పుకున్నట్లే. ఒప్పందాన్ని భంగపరచి తెచ్చిన మాంసాన్ని పళ్ళెంలో పెట్టి, కత్తి సరిగ్గానే ఆడిందని సమర్థించుకోవడం మాకు ధర్మంగా తోచదు.

హిమా గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేము. బుఖారీలో ఉన్న ఉల్లేఖనం ఇది. హజ్రత్ ఉమర్ (రజి) హిమా కాపలాకు హునయ్ అనే తన సేవకుణ్ణి నియమిస్తూ, పీడితుల శాపానికి భయపడమని హెచ్చరించారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. బిన్ ఔఫ్, బిన్ అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందల్ని మాత్రం రానివ్వవద్దన్నారు. వారిద్దరూ సామాన్యులు కారు, స్వర్గ శుభవార్త పొందిన సహాబీలు! నల్లమలకు వెళ్ళినప్పుడు అక్కడ తరతరాలుగా తేనె తీసి బతికే చెంచులు ఎదురవుతారు. అడవి పేరుతో వారిని చిన్నచూపు చూసి, కారులో వచ్చిన మనకు మాత్రం అన్నీ చెల్లుతాయనుకునే ముందు హునయ్‌కు అందిన ఆ ఆదేశాన్ని గుర్తు చేసుకుంటే బాగుంటుంది. వారి దగ్గర తేనె కొంటే బేరం ఆడకుండా కొనండి.

పక్షుల విషయంలో మన ముస్లిమేతర సోదరుల నుంచి నేర్చుకోవలసింది ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, కొంగలు ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అవి వస్తే ఊరికి మేలని గ్రామస్తుల నమ్మకం. ఎవరూ వాటి జోలికి పోరు. పక్షి రాకపోకల్లో శుభాశుభాలు చూడటాన్ని ఇస్లాం ఖండించింది. అరబ్బీలో శకునానికి 'తియరా' అన్న పేరు వచ్చిందే పక్షి అన్న పదం నుంచి. ఆ నమ్మకం మనది కాదు. కానీ ఆలోచించండి, శకునం నమ్మి పక్షిని కాపాడేవాడు ఒకవైపు, తౌహీద్ నమ్మి పక్షి మీద రాయి విసిరేవాడు ఇంకోవైపు ఉంటే ఎవరికి సిగ్గుచేటు? భూమ్మీద నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా చెప్పింది మనకే కదా.

సాలిం అలీ పేరు మన పిల్లలకు చెప్పాలి. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని మేనమామ అమీరుద్దీన్ ఇంట పెరిగారు. బాల్యంలో తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించేసరికి, దీన్ని తినవచ్చా లేదా అని సందేహం కలిగి మామయ్యను అడిగారు. ఆయనకూ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. హలాలా కాదా అన్న ఆ చిన్న సందేహమే ఆ బాలుణ్ణి దేశం గర్వించే పక్షి శాస్త్రవేత్తను చేసింది. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. 1987లో మరణించారు. ఆయన జీవితంలోని ప్రతిదీ మనకు ధార్మిక ఆదర్శమని మేము అనడం లేదు. తెలియనిదాన్ని తెలిసినవారిని అడిగి తెలుసుకోవడమనే ఆ గుణం మాత్రం మన ఇళ్ళలో పిల్లలకు అలవాటు కావాలి.

పంజరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అబూఉమైర్ అనే పిల్లవాడి దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేదనీ, అది చనిపోయాక ప్రవక్త (స) అతణ్ణి ముద్దుగా పలకరించేవారనీ హదీసు ఉంది. పక్షిని పెంచవచ్చని పండితులు దీన్నుంచి గ్రహించారు. సరే. కానీ మన రామచిలుకను గూట్లోంచి పట్టి తెచ్చి అమ్మడం, పెంచడం నేడు చట్టవిరుద్ధం. సదఖా పేరుతో పిట్టల్ని కొని ఎగరేసేవారు కూడా, మీరు కొంటారనే వాటిని పడుతున్నారని గ్రహించాలి. ఆ డబ్బుతో మేడ మీద రోజూ నీళ్ళ తొట్టి పెట్టండి. దప్పికగొన్న కుక్కకు నీళ్ళు పోసినవాడికి దక్కిన క్షమాపణ మనకు తెలిసిందే.

ఇక ప్రయాణపు జాగ్రత్తలు కొన్ని. పాలిథిన్ సంచుల్లో తిండి మిగిల్చి పారేయకండి. దుప్పులు ఆ ఉప్పు వాసనకు సంచితో సహా మింగుతాయి. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడమే విశ్వాసంలో భాగమైతే, మనమే దాన్ని అక్కడ వేసి రావడం ఏమవుతుంది? కోతులకు తిండి పెట్టడం దయ అనుకోకండి, అది వాటిని రోడ్డు మీదికి, లారీల కిందికి అలవాటు చేస్తుంది. సాయంత్రం సఫారీలో అసర్ నమాజు జారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వేళ చూసుకుని టికెట్ తీసుకోండి, వుజూ చేసుకునే జీపు ఎక్కండి. అడవి లోపల జీపు దిగకూడదన్నది నిబంధన, నమాజు కోసమని దాన్ని మీరవద్దు. బయటకు వచ్చాక భూమి అంతా మస్జిదే. మన ప్రాంతం నుంచి ఖిబ్లా పడమరకు, కొద్దిగా ఉత్తరం వైపు. హనఫీల లెక్కలో ఊరి నుంచి దాదాపు 78 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమైతే ఖస్ర్ చేసుకోవచ్చు. నేలపట్టుకు శుక్రవారం వెళ్ళేవారు ఉదయాన్నే గూళ్ళు చూసుకుని, సూళ్ళూరుపేటలోనో నాయుడుపేటలోనో జుమా ముగించుకుని, ఎండ తగ్గాక పులికాట్ వైపు బయలుదేరితే రెండూ అందుతాయి.