ఒక్క ట్రే చాలు తల్లీ

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పుకుంటూ పోయిన క్రిస్మస్ వంటల పట్టిక విన్న దగ్గర్నుంచీ ఈ నాలుగు మాటలూ రాయాలనిపిస్తోంది. జింజర్‌బ్రెడ్ ఇల్లు కడతానన్నావు. నక్షత్రాలూ చెట్లూ ఆకారాల్లో కుకీలు కోసి రంగురంగుల ఐసింగ్ పెడతానన్నావు. ప్లమ్ కేకు ఇంట్లోనే చేస్తానన్నావు. అరిసెలూ కజ్జికాయలూ లేకపోతే అసలు పండగే కాదన్నావు. డిసెంబరు 23 దాకా నీకు ఆఫీసు. మధ్యలో మీ తెలుగు చర్చి సెమీ క్రిస్మస్, రాత్రిళ్లు క్యారల్స్. పెళ్లయ్యాక నీ ఇంట్లో నీకిది మొదటి క్రిస్మస్. అందరికీ నీ చేత్తో చేసి పెట్టాలన్న ముచ్చట నాకు తెలియనిది కాదు. అయినా చెబుతున్నాను, ఇన్ని నెత్తిన పెట్టుకోకు. 24 రాత్రి ఆరాధనకి వెళ్లేసరికి ఒళ్లు హూనమై, పాట పాడుతుండగానే కళ్లు మూతలు పడితే ఆ వంటలన్నీ ఎవరి కోసం చేసినట్టు?

ఈ ఏడాదికి ఒక్క ట్రే కుకీ బార్లు చెయ్యి. అది శ్రద్ధగా చెయ్యి. మిగతావి వచ్చే ఏడు చూసుకుందాం.

ఇంత సులువుగా అయిపోయేది పెడితే చిన్నతనంగా ఉండదా పెద్దమ్మా అంటావేమో. ఉండదు. గుంటూరులో మీ అమ్మమ్మ అరిసెలు వండిన రోజులు నీకూ కాస్తో కూస్తో గుర్తుండే ఉంటాయి. ఒకరు పాకం దగ్గర నిలబడి, నీళ్లలో చుక్క వేసి ఉండ కడుతోందా లేదా అని చూసేవారు. ఒకరు పిండి పోస్తూ కలిపేవారు. ఒకరు ఆకు మీద వత్తి మూకుట్లోకి జార్చేవారు. ఇంకొకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండేవారు. వదినలూ తోడికోడళ్లూ వచ్చి చుట్టూ కూర్చుంటేనే ఆ పని తెమిలేది. అరిసెలు నలుగురి పని. డాలస్‌లో నీకున్నవి నీ రెండు చేతులూ, మీ ఆయనవి రెండూ. నలుగురి పనిని ఒక్కదానివే చేసి తీరాలని పంతం పట్టకు. మీ ఊళ్లో ఇళ్లలో పిండివంటలు చేసి అమ్మే తెలుగువాళ్లుంటారు, అరిసెలు ఒక కిలో వాళ్ల దగ్గర తెప్పించుకో. అందులో తప్పేమీ లేదు. ఒక మనిషి ఒక పూటలో చక్కగా చెయ్యగలిగిన వంట ఈ దేశంలో ఉంది. నీ చేత్తో అది చెయ్యి.

ఇక్కడి ఇల్లాళ్లు తరతరాలుగా ఈ పద్ధతిని నమ్ముకున్నారు. ఒక్కొక్క కుకీని అచ్చు కోసి, ట్రే తరవాత ట్రే ఓవెన్లో పెట్టి తీసే బదులు, అంతా ఒకే ట్రేలో పరిచి, ఒకేసారి కాల్చి, చల్లారాక ముక్కలు కోస్తారు. మా షికాగోలో పామర్ హౌస్ అనే పాత హోటల్ ఉంది. 1893లో ఇక్కడ పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు బెర్తా పామర్ అనే ఆవిడ, ఆడవాళ్ల భోజనం పెట్టెల్లో పట్టేలా, చేత్తో తీసుకుని తినేలా ఏదైనా తీపి చెయ్యమని ఆ హోటల్ వంటవాళ్లని అడిగిందనీ, బ్రౌనీ అలా పుట్టిందనీ చెప్పుకుంటారు. నేను నీకు చెప్పబోయేది బ్రౌనీ కంటే కూడా తేలిక. సెవెన్ లేయర్ బార్స్ అంటారు, కొందరు మ్యాజిక్ బార్స్ అంటారు.

అన్నిట్లోకీ దీన్నే ఎంచడానికి కారణం ఉంది. ఇందులో గుడ్డు లేదు. మీ చుట్టుపక్కల శాకాహారులైన తెలుగు కుటుంబాలున్నాయి, కింద ఇంట్లో గుజరాతీ వాళ్లున్నారు. కేకు ముక్క చేతిలో పెడితే "ఇందులో గుడ్డు ఉందా అండీ" అని మొహమాటంగా అడిగి పక్కన పెట్టేవాళ్లు కూడా దీన్ని నిశ్చింతగా తింటారు. అన్నిటినీ కలిపి పట్టి ఉంచే పని ఇక్కడ కండెన్స్‌డ్ మిల్క్ చేస్తుంది. మన మిల్క్‌మెయిడ్ డబ్బాయే అనుకో. పాలు పాడవకుండా నిలవుండాలని గెయిల్ బోర్డెన్ అనే ఆయన 1856లో ఈ దేశంలో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన తెచ్చిన ఈగిల్ బ్రాండ్ డబ్బా ఇప్పటికీ కొట్లలో దొరుకుతోంది. ఓవెన్ వేడికి ఆ పాలు చిక్కబడి, గోధుమరంగుకి తిరిగి, పైన చల్లినవన్నీ విడిపోకుండా పట్టేస్తాయి.

కొట్లో మాత్రం చూసి తీసుకో. అదే అరలో, ఇంచుమించు అదే సైజులో ఎవాపొరేటెడ్ మిల్క్ డబ్బాలు కూడా పేర్చి ఉంటాయి. వాటిలో పంచదార కలపరు. పల్చగా ఉంటాయి. అవి పోస్తే ట్రే అంతా చిత్తడైపోతుంది. డబ్బా మీద స్వీటెన్‌డ్ కండెన్స్‌డ్ అని ఉందో లేదో చదివాకే బండిలో వెయ్యి.

ఇక పని మొదలుపెట్టు. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న ట్రే కావాలి. ఓవెన్‌ని 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టే ముందు తలుపు తీసి చూడు, మన ఇళ్లలో మూకుళ్లూ పెనాలూ దాచేది అందులోనే. నీ దగ్గరున్నది గాజు ట్రే అయితే 325 చాలు. గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది గానీ, ఎక్కిన వేడిని ఒకంతట వదలదు, అంచులు మాడతాయి. ట్రేలో పార్చ్‌మెంట్ పేపరు పరిచి, రెండు పక్కలా చేత్తో పట్టుకోవడానికి వీలుగా పైకి వదులు. ఈ కాగితం దగ్గర పొదుపు చూడకు. అది లేకపోతే పాలు అడుగంటి, ముక్కలు గోకి తియ్యాల్సి వస్తుంది.

ఒక స్టిక్ వెన్న, అంటే 113 గ్రాములు, కరిగించుకో. ఇంట్లో నెయ్యి ఉంది కదా అని అదే కొలతకి నెయ్యి పొయ్యకు. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యి మొత్తం కొవ్వే. అడుగు పొరంతా జిడ్డు తేలుతుంది. గ్రేహమ్ క్రాకర్ల పొడి ఒకటిన్నర కప్పు కావాలి. క్రాకర్లు జిప్ కవర్లో వేసి, అప్పడాల కర్ర మీ ఆయన చేతికివ్వు. అవి లేకపోతే ఇండియన్ స్టోర్లో మేరీ బిస్కెట్లు తెచ్చుకో. నాకైతే అవే ఇష్టం, తీపి తక్కువ. ఆ పొడిలో చిటికెడు ఉప్పు, అర చెంచా ఏలకుల పొడి వేసి, వెన్న పోసి కలుపు. సున్నుండలకి పిండి కుదిరిందో లేదో చూసినట్టే పిడికిట్లో పట్టి నొక్కి చూడు. ఉండగా నిలిచి, వేలితో తట్టగానే విడిపోవాలి. ట్రేలో పోసి, చదునైన గిన్నె అడుగుతో గట్టిగా, సమంగా అదుము. మూలలు బాగా అదుము, అందరి చెయ్యీ అక్కడే తేలిపోతుంది. వదులుగా వదిలేస్తే కోసేటప్పుడు అడుగంతా పొడిపొడిగా రాలిపోతుంది.

దాని మీద 397 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా మొత్తం ధారగా పొయ్యి, అంచు చుట్టూ అర అంగుళం వదిలిపెట్టి. చాక్లెట్ చిప్స్ ఒక కప్పు చల్లు. ఏడు పొరల లెక్క కోసం ఇక్కడివాళ్లు బటర్‌స్కాచ్ చిప్స్ కూడా ఒక కప్పు వేస్తారు. నేను వద్దంటాను, మరీ మొహం మొత్తే తీపి అది. వాటి బదులు ఎండు క్రాన్‌బెర్రీలు అర కప్పు, తరిగిన పిస్తా అర కప్పు వెయ్యి. క్రాన్‌బెర్రీ పులుపు తీపిని విరుస్తుంది. ఎరుపూ పచ్చా కలిసి పండగ రంగులు వాటంతటవే వచ్చేస్తాయి, నువ్వు మోజుపడ్డ ఐసింగ్‌తో పనే ఉండదు. ఆపైన కొబ్బరి కోరు ఒక కప్పు. ఇక్కడి కొట్లలో ఎక్కువగా పంచదార పట్టించిన కొబ్బరి ఉంటుంది. మన స్టోర్లో దొరికే ఎండుకొబ్బరి కోరు చప్పగా ఉంటుంది కనక అదే మేలు. ఆఖరున వాల్‌నట్స్ గానీ పెకాన్లు గానీ అర కప్పు చల్లి, అన్నీ పాలలోకి దిగేలా అరచేత్తో మెల్లగా అదుము.

25 నిమిషాలు పడుతుంది. 20 అయ్యేసరికి ఓవెన్ లైటు వేసి గమనించు. ముందు కొబ్బరి కొసలు లేత బంగారు రంగుకి వస్తాయి. అంచుల్లో పాలు చిన్న చిన్న బుడగలు కట్టి గోధుమరంగుకి తిరుగుతాయి. నడిమధ్య మాత్రం ఇంకా మెత్తగా, ట్రే కదిపితే కొంచెం వణుకుతూ ఉంటుంది. అప్పుడే బయటికి తియ్యి. ఉడకలేదేమోనని అనుమానంతో ఇంకో పది నిమిషాలు ఉంచావంటే చల్లారాక పళ్లకి పని పెడుతుంది.

ఓర్పు కావాల్సింది ఆ తరవాతే. ఇల్లంతా వాసన కమ్ముకుంటుంది, మీ ఆయన చాకు పట్టుకుని వంటింట్లోనే తిరుగుతాడు. ఇవ్వకు. గట్టు మీద రెండు గంటలు, ఫ్రిజ్‌లో ఇంకో గంట ఉంచు. వేడి మీద కోస్తే పాలు సాగి, పైవి పైన, కిందివి కింద విడిపోతాయి. గట్టిపడ్డాక కాగితం రెండు కొసలూ పట్టుకుని మొత్తం పలకని చెక్క మీదికి ఎత్తు. పొడుగాటి చాకుతో, ముందుకీ వెనక్కీ రాపాడించకుండా, పైనుంచి ఒక్క నొక్కులో కొయ్యి. కోసినప్పుడల్లా వేడినీళ్లలో తడిపిన గుడ్డతో చాకు తుడుచుకో. పొడవున 8, వెడల్పున 4 చొప్పున కోస్తే 32 ముక్కలు వస్తాయి. ఇంతకంటే పెద్దవి కొయ్యకు. ఒక్క ముక్క తిని ఇంకోటి కావాలనిపించాలి గానీ సగం తిని పక్కన పెట్టేలా ఉండకూడదు.

గుడ్డు తినే ఆఫీసు వాళ్లకి విడిగా ఇంకోటి చెయ్యాలని మరీ అనిపిస్తే బ్లాండీలు చెయ్యి. ఒక స్టిక్ కరిగిన వెన్న, కప్పు బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, చెంచా వెనిలా, కప్పు మైదా, చిటికెడు ఉప్పు, అంతే. 8 అంగుళాల చదరపు ట్రేలో, అదే 350 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు. మైదా కప్పుతో డబ్బాలోంచి తవ్వి తియ్యకుండా చెంచాతో కప్పులోకి నింపు, లేదా 120 గ్రాములు తూచి పొయ్యి. తవ్వి తీస్తే పిండి కూరుకుపోయి ఎక్కువ పడుతుంది, బ్లాండీ ఎండిపోతుంది.

పంచేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి తల్లీ. మన ఊళ్లో పళ్లెం మీద గుడ్డ కప్పి పక్కింటికి పంపితే అడిగేవాళ్లు లేరు. ఇక్కడ వాల్‌నట్ ముక్క ఒకటి పొరపాటున నోట్లో పడితే గొంతు వాచి ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పిల్లలుంటారు. సగం ట్రేలో పప్పులు వేసి, సగం మానేసి, ఇవి మీకు అని పెట్టకు. అలాంటి పిల్లలున్న ఇంటికి వాళ్లనే అడిగి, కొట్లో వాళ్లు నమ్మే ప్యాకెట్ కొనివ్వు, దాన్ని ఎవరూ చిన్నచూపుగా అనుకోరు. మిగతా అందరికీ డబ్బా మీద చిన్న చీటీ అంటించు: వెన్న, పాలు, గోధుమ, కొబ్బరి, పిస్తా, వాల్‌నట్స్ ఉన్నాయి, గుడ్డు లేదు అని. పైన మార్ష్‌మెల్లోలు వేస్తే బాగుంటుందని ఎవరైనా చెబితే వినకు. మామూలుగా దొరికేవాటిలో జెలటిన్ ఉంటుంది, అది పంది నుంచో పశువు నుంచో తీస్తారు. నీ ట్రే ఎంచుకున్నదే అందరూ తినగలగాలని కదా.

మొన్న థాంక్స్‌గివింగ్‌కి పక్కింటి పెద్దావిడ నీకు పై (pie) పెట్టి పంపిన గాజు పళ్లెం ఇంకా నీ దగ్గరే ఉందన్నావు. ఇచ్చిన పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదు, అది మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. మొదటి ఆరు ముక్కలు అందులో సర్ది, ఇద్దరూ కలిసి వెళ్లి ఇచ్చి రండి. తలుపు దగ్గర పెట్టేసి రాకండి. ఈ చలికాలంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి తీపి కంటే మీరు పది నిమిషాలు కూర్చుని మాట్లాడటమే కావాలి. క్యారల్స్ రాత్రి మీ ఇంటికి యువకులు వస్తే ప్రార్థన అయ్యాక టీతో పాటు తలా ఒకటి పెట్టు. చలిలో పాడి పాడి వస్తారు, వేడి టీకి ఇది బాగా జోడీ కుదురుతుంది. అంచు ముక్కలు కొంచెం వంకరగా, కరకరలాడుతూ వస్తాయి, అవి మీ ఇద్దరికీ ఉంచుకో. రుచిలో అవే ముందుంటాయి.

మూత గట్టిగా ఉన్న డబ్బాలో నాలుగు రోజులు బయట నిలవుంటాయి. పొరకీ పొరకీ మధ్య కాగితం వెయ్యి, లేకపోతే అంటుకుంటాయి. ఇంకా ముందుగా చేసుకోవాలంటే పలకని కొయ్యకుండా కాగితంలోనూ, పైన ఫాయిల్‌లోనూ చుట్టి ఫ్రీజర్లో పెట్టు, రెండు నెలలైనా చెక్కుచెదరదు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించి, పొద్దున కోసుకోవచ్చు. అందుకే డిసెంబరు రెండో శనివారమే చేసేసుకో. 23న ఆఫీసు నుంచి వచ్చాక ఓవెన్ ముట్టుకోకు. బాల్కనీలో నక్షత్రం కట్టించుకుని, మీ అమ్మకి ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడుకో.

సామాన్లు ఈ వారంలోనే తెచ్చిపెట్టుకో, పండగ దగ్గరపడ్డాక కండెన్స్‌డ్ మిల్క్ అరలు ఖాళీ అయిపోతుంటాయి. డబ్బాలు రెండు కొను. ఆ శనివారం పొద్దున పది గంటలకి వీడియో కాల్ చెయ్యి. అడుగు పొర అదిమాక ట్రే నాకు చూపించు, మూలలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి చెబుతాను, ఆ తరవాతే పాలు పోద్దువుగాని.

ఉంటాను మరి,
పెద్దమ్మ