నడువని బండి

కొనదగిన దేది, కొనదగని దేది యను ప్రశ్న అంగడికి సంబంధించినదని మేము చాలకాలము భావించితిమి. పోచంపల్లివంటి యూర నుపాధ్యాయుడై కాపురముండు వానికి ఆ ప్రశ్న బియ్యముతోడను పుస్తకములతోడను ముగియుచుండును. గత సంవత్సర మొక మోటారుకారు మా యీ భావమును చెడగొట్టినది.

ఆ కారు హైదరాబాదులో నొక పాతయింటి వెనుక రేకుల షెడ్డులో టార్పాలిను క్రింద నుండెను. పెండ్లికని పోయి దానిని చూచితిమి. రెండే తలుపులు, రెండే యాసనములు. నేల నంటి పరుగిడుటకే పుట్టినట్టి రూపము. పైకప్పు వెనుకకు మడిచి పెట్టవచ్చును. వ్రేలితో ధూళి తుడిచినచోట ఎఱ్ఱరంగు బయటపడెను. అది కదలి 11 ఏండ్లయినది. యజమాని యడిగిన వెల రూ. 1,75,000. "పెద్ద పని యేమియు లేదండీ, బ్యాటరీ వేసిన చాలును" అని యాతడు చెప్పెను. బ్యాటరీయే చాలునేని 11 ఏండ్లలో నాతడేల వేయలేదో మేమడుగలేదు. అడుగకపోవుటయే మా మోహమునకు మొదటి గుఱుతు.

నిలిచియున్న యంత్రము చెడక యుండునని తలచుట పొరపాటు. నడుచుచున్న బండి యరుగును; నిలిచిన బండి కుళ్లును. తొట్టిలోని పెట్రోలు కాలక్రమమున జిగురై సన్నని రంధ్రములను పూడ్చివేయును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చి లోపలి యినుమునకు తుప్పు పట్టించును. టైర్లు బరువు మోసిన తావున చదునై గట్టిపడి పగులును. రబ్బరు గొట్టములు పెళుసగును. తీగల సంగతి యెలుకలు చూచుకొనును. అన్నిటికంటె కష్టమైనది, ఇంజనులోని పిస్టనులు తుప్పుచే గోడల నంటుకొనుట; దీనిని మెకానిక్కులు ఇంజను పట్టేసినదందురు. గుఱ్ఱము గుడ్డిదైనను దానాకు తక్కువలేదను సామెత యిట్టి సందర్భముననే పుట్టియుండును.

చట్టమును సహాయము రాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును; పిమ్మట తనిఖీయైనగాని మఱి యైదేండ్లకు పొడిగింపరు. కదలని దానిని తనిఖీకి గొనిపోవు టెట్లు? సరకు గుణమును కొనువాడే చూచుకొనవలెననునది 1930 నాటి వస్తువిక్రయ చట్టములోని సామాన్యసూత్రము. దానికి గల మినహాయింపులు షెడ్డు ముందఱ నిలిచి బేరమాడువానికి జ్ఞప్తికి రావు. ఇదంతయు నెఱిగియు మేము నీళ్లలోని బఱ్ఱెను బేరమాడుచుంటిమి.

సంస్కృతము చదువుకొన్నవానికొక దౌర్భాగ్యము కలదు. తన కోరికకు శాస్త్రప్రమాణము వెదకికొనును. మిలిందరాజుతోడి సంవాదమున నాగసేనుడు రథమును గూర్చి యడుగును: ఇరుసు రథమా? చక్రములు రథమా? కాడి రథమా? వేఱువేఱుగ నేదియు రథము కాదు గదా! మా షెడ్డులో నవయవము లన్నియు నుండెను. రథము మాత్రము లేదు. ధర్మకీర్తి మొదలగు బౌద్ధతార్కికులు పని చేయగల శక్తి గలదియే సత్యమైన వస్తువనిరి. ఆ లెక్కను నడువని కారు కారు కాదు. కాని మాకు రెండు రాత్రులు నిద్ర లేకుండ చేసిన శక్తి దానికి కలదు గావున, అది యేదో యొక వస్తువని ధర్మకీర్తియు నొప్పుకొనవలసినదే.

నిలిచియుండుటయే పనియైన కార్లును గలవు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయించిన రోల్సురాయిసు సిల్వరు ఘోస్టు, 1911లో నాయన గతించిన పిదప గాని సిద్ధము కాలేదు. కోరినవా డెక్కని యా బండి నేడు చౌమహల్లాలో చూపఱుల కానందము గూర్చుచున్నది. చౌమహల్లా వంటి యిల్లుగలవారు నడువని బండిని గూర్చి ధర్మసందేహము పడనక్కఱలేదు. మా యింటి ముందఱి యరుగు మూడు గజములు.

ఇక ధనము సంగతి. అది మా యొక్కరిది కాదు. మా జీతములో మిగిలినది సగము. మా గృహిణి నూలునకు చిటికి కట్టి గడించినది సగము. ఆమె తండ్రి మగ్గము గుంటమగ్గము. వానకాలమున గుంటలో నీరూరును; కాళ్లు పెట్ట వీలుకాక నేత నిలిచిపోవును. దానిని తీసివేసి నేలపై నిలుచు చట్రపు మగ్గము వేయింపవలెనని యీ ధనము కూడబెట్టితిమి. ఆ ముసలివాడొక్కనాడును తొందరపెట్టలేదు. తొందరపెట్టనివాని పనియే యెప్పుడును వెనుకబడును.

పూర్వపు పురుషు డిల్లాలి నడుగకయే కొనెడివాడు. నేటి పురుషు డడుగును. కాని యొప్పుకొనక తప్పనట్లడుగును. రెండవ పద్ధతి మొదటిదానికంటె మేలని మాకు తోచదు. మేము కాగితముపై లెక్కలు వ్రాసి చూపితిమి. బాగుసేతకు రూ. 60,000 అని వ్రాసితిమి. ఆ యంకె యెచటనుండి వచ్చినదో దేవునికే తెలియును. బాగుచేసి యమ్మిన లాభము వచ్చునంటిమి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని మేము బడిలో పిల్లలకు చెప్పుచుందుము. ఆమె యంతయు విని, "అది యెన్నటికిని నడువదని తెలిసినను మీకు కావలెనా?" యని మాత్ర మడిగెను.

మాకు కోపము వచ్చెను. ప్రశ్న న్యాయమైనదగుటచేతనే వచ్చెనని యిప్పుడు చెప్పగలము. అప్పుడు మాత్రము మే మొక గొప్ప యుదాహరణమును పైకి దీసితిమి. ఇక్కత్తు చీరకు నూలు కట్టుటకు ముందు దానిని మేకుల చుట్టు చేతితో పోయవలెను. దాని నాసుపోయుట యందురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు తిరుగవలెను. ఆ పనిచే తల్లి భుజములు పడిపోవుట చూడలేక, ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యుడు చింతకింది మల్లేశము 1992లో నొక యంత్రమునకు పూనుకొనెను. అది పూర్తియైనది 1999లో. నడుమ నేడేండ్లు అదియు నడువని యంత్రమే గదా! అప్పులయ్యెను, లోకులు నవ్విరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆనాడు బంధువుల మాట విని మానియుండిన నేమయ్యెడిదని యడిగితిమి.

ఆమె తల్లియు నాసుపోసినదే. "ఆయన ప్రతిదినము దానిపై చేయి పెట్టినాడు" అని చెప్పి లేచిపోయెను.

ఈ మాటను గూర్చి మేము చాలదినము లాలోచించితిమి. ఫలమునుబట్టి పట్టుదలను మెచ్చుట సులభము. ఫలము రాని మల్లేశము లెందఱో యుందురు; వారి పేళ్లు మన కెవ్వరును చెప్పరు. కాబట్టి ఫలము కొలబద్ద కాదు. పరోపకారార్థమైన యాశయే మంచిదందమా? కేవలము తన సంతోషమునకై యొక యెఱ్ఱబండిని కోరుట పాపమని మేమొప్పుకొనము. సంతోషమును నేరముగా నెంచు సంస్కరణము మాకు రుచింపదు. భేద మింకొకచోట నున్నది. ఒక యాశ దినదినమును యంత్రము చేత చివాట్లు తిని, ఈ పన్ను తప్పు, ఈ చక్రము తప్పు అని నేర్చుకొనుచుండును. మఱియొక యాశ టార్పాలిను కప్పుకొని పండుకొనును. ఆ యజమాని 11 ఏండ్లు అబద్ధమాడలేదు. వచ్చే నెల బాగుచేయింతునని తనకు తానే చెప్పుకొనుచు వచ్చెను. అతడు మా కమ్మజూపినది కారు కాదు, ఆ వచ్చే నెలను.

అయినను మానలేదు. మా పూర్వశిష్యు డొకడు ఎల్బీ నగరులో మెకానిక్కు. ఒక యాదివారము వానిని వెంటబెట్టుకొని పోతిమి. వాడు స్పార్కు ప్లగ్గులు తీసి, రంధ్రములలో నూనె పోసి, గంటసేపు నాననిచ్చి, ఇంజను ముందఱి పెద్దబోల్టునకు స్పానరు తగిలించి మెల్లగా నొత్తెను. కదలలేదు. మరల నొత్తెను. ఎచ్చటనో కిర్రుమని చప్పుడై స్పానరు జానెడు తిరిగినది. "పట్టెయ్యలేదు సారూ, తిరుగుతున్నది!" యని వాడు కేక వేసెను.

వాని ముఖము వెలిగిపోయినది. మాకో, భయము కలిగినది. ఆ క్షణమువఱకు మాకు దెలియదు. అది తిరుగదనియే మేము లోలోపల నమ్మియుంటిమి. తిరుగనంతకాలము మే మేనాడో దానిని నడుపబోవు వారము. తిరిగినచో రేపటినుండి చేతికి మసి పూసికొనవలసినవారము. ఆదివారములు పోవును, ధనము పోవును, గొప్ప యూహయు పోవును. మా గృహిణి ప్రశ్నకు మా యుత్తర మప్పుడు దొరకినది: నడువనిది గనుకనే మాకు కావలసియుండెను.

మేము కొనలేదు. మగ్గము ఆషాఢమునకు ముందే నేలమీదికి వచ్చినది. కారును మా శిష్యుడే రూ. 1,10,000కు బేరమాడి తీసికొనెను. ఎనిమిది నెలలైనది. కార్బురేటరు శుభ్రమైనది, బ్రేకులు క్రొత్తవి వచ్చినవి, తీగలు సగము మార్చినాడు. ఇంకను నడువలేదు. నెలకొక యాదివారము మేమును పోయి, వాడు క్రింద పండుకొని చేయి చాచినప్పుడు, అడిగిన సైజు స్పానరు అందించుచున్నాము. పదునాలుగవదానికి పదమూడవది యిచ్చితిమని క్రిందటిసారి వాడు కసరినాడు.