ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఎవరైనా అడిగితే చాలు, ఈనాటికీ నా గుండె గతుక్కుమంటుంది. పాట గురించే అడగక్కర్లేదు, ఆవకాయ గురించి అడిగినా అంతే. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు కెనడా దేశపు పియానో విద్వాంసుడి సంగతి ఒకటి చెప్పాలి.

ఆయన పేరు గ్లెన్ గూల్డ్. 1932లో టొరంటోలో పుట్టాడు. 1982లో, యాభై నిండిన కొద్ది రోజులకే పోయాడు. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు రాని నాబోటి వాళ్ళకు కూడా ఆయన కథ మహా పసందుగా ఉంటుంది. ఎండాకాలంలో కూడా ఓవర్‌కోటు, చేతులకు తొడుగులు! తండ్రి ఒక మడతకుర్చీ కాళ్ళు కోసి పొట్టిగా చేసి ఇచ్చాడట. నేలకి 14 అంగుళాల ఎత్తున ఉండే ఆ కుర్చీని జీవితాంతం వదల్లేదు. ఏ దేశం వెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. దానిమీద కూర్చుని, ముఖం పియానో మెట్లకు ఆనించినంత పని చేసి, వాయిస్తూ వాయిస్తూ పైకే కూనిరాగం తీసేవాడు. రికార్డుల్లో ఆ గొణుగుడు కూడా వినిపిస్తుంది.

1955లో, ఇరవై రెండేళ్ళ వయసులో, బాఖ్ రచించిన 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్' రికార్డు చేశాడు. మరుసటేడు అది బయటికి వచ్చేసరికి ప్రపంచమంతా అతని పేరే. 1964లో, ముప్ఫై ఒకటో ఏట, కచేరీలు శాశ్వతంగా మానేశాడు. ఎదురుగా జనం కూర్చుని చూస్తుంటే సంగీతం సర్కస్ అయిపోతుందని ఆయన బాధ. ఇంక రికార్డులు, రేడియో, టెలివిజన్, అంతే. 1950లో క్రిస్మస్ ముందురోజు కెనడా రేడియోలో వాయించినప్పుడే మైక్రోఫోను మీద మనసుపడ్డాడు. 1967లో కెనడా ఉత్తరాది గురించి రేడియోకి ఒక కార్యక్రమం తయారుచేశాడు. అందులో మనుషుల మాటల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటినే సంగీతంలాగా నడిపించాడు.

అంతా బాగానే ఉంది. నాకు గుచ్చుకున్నది వేరే ఉంది. ఇంతటివాడు, నాకు నేనుగా నేర్చుకున్నాను అన్న ధోరణిలో మాట్లాడేవాడు!

పదేళ్ళు వచ్చేదాకా పియానో నేర్పింది కన్నతల్లి. ఆవిడ సంగీతం పాఠాలు చెప్పేవారే. తల్లుల లెక్క ఎప్పుడూ ఇంతే కాబోలు, వదిలేద్దాం. కాని 1943 నుంచి తొమ్మిదేళ్ళపాటు ఆల్బెర్తో గెరెరో అనే ఆయన పాఠం చెప్పాడు. ఈయన చిలీ దేశం వాడు, 1886లో పుట్టాడు. ఈయనకీ మొదటి పాఠాలు తల్లీ, అన్నగారూ చెప్పినవే. బతుకుతెరువు వెతుక్కుంటూ టొరంటో వచ్చి, కచేరీలు చేశాడు, రేడియోలో వాయించాడు. చివరికి 1959లో పోయేదాకా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికాడు.

పియానో ముందు కిందుగా కూర్చోవడం గెరెరో అలవాటు. ఒక చేతి వేళ్ళు మెట్లమీద ఉంచి, రెండో చేత్తో ఒక్కొక్క వేలినీ తట్టి, వేలికి శ్రమ లేకుండా పలికించడం అలవాటు చేసేవాడు. గూల్డ్ వాయిద్యంలో ముత్యాల్లా విడివిడిగా దొర్లే ఆ స్వరాలు ఆ తట్టుడులోంచి వచ్చినవే. అంతెందుకు, ఆ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్సు శిష్యుడు ముట్టుకోక చాలాముందే గురువు టొరంటోలో కచేరీలో వాయించాడు.

మన ఏకలవ్యుడు ఒక్క పాఠమైనా చెప్పని గురువుకి బొటనవేలు కోసిచ్చాడు. ఈయన పదివేళ్ళనీ దిద్దిన గురువు పేరు చెప్పడానికి సందేహించాడు. చదివిన రోజున నాకు ఒళ్ళు మండింది.

గెరెరో చెవికి ఈ మాట చేరిందట. నా దగ్గర ఏమీ నేర్చుకోలేదని అతనికి అనిపిస్తే అంతకంటె మెప్పు నాకేం కావాలి అన్నట్టు మాట్లాడాడని చెబుతారు. నిజమే, ఆలోచిస్తే అందులో ఎంత సంగతి ఉంది! పాఠం పైపైన ఉన్నంతకాలం 'ఇది ఫలానావారు చెప్పారు' అని గుర్తుంటుంది. రక్తంలో కలిసిపోయాక అది మనదే అనిపిస్తుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం ఎవరు నేర్పారో ఎవరికి గుర్తుంది? అసలు గూల్డ్‌కి పాఠాలు చెప్పడమంటేనే భయం. ఏ వేలు ఎలా కదులుతోందో ఆలోచించడం మొదలుపెడితే, నడక గురించి ఆలోచించిన జెర్రిలాగా తడబడిపోతానేమోనని. అంటే తనకి ఎలా వచ్చిందో తొంగిచూసుకోవడమే ఆయనకి గండం. పాపం, కావాలని దాచాడని కూడా అనలేం.

అయినా నాకు సమాధానం కుదరదు. ఆ మాట గురువు అంటే పెద్దమనసు. శిష్యుడు దాన్ని చెల్లు చీటీ కింద జేబులో వేసుకోవచ్చునా?

ఇంత గట్టిగా అడగడానికి నాకు మొహం లేదు లెండి. నాకు సరళీ వరసల నుంచి వర్ణాల దాకా నేర్పింది మా పిన్ని. ఎనిమిదేళ్ళు. హార్మనీ పెట్టె లేదు, శ్రుతి ఆవిడ గొంతే. కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతూ, ఆ చప్పుడుతోనే తాళం తప్పకుండా చూసేది. పెళ్ళయ్యాక పేరున్న ఒక విద్వాంసుడి దగ్గర మూడే మూడు నెలలు వెళ్ళాను. 1979లో రేడియోలో పాడే అవకాశం వచ్చింది. పాటకి ముందు అనౌన్సరు అడిగింది, "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని. నా నోటివెంట విద్వాంసుడి పేరొక్కటే వచ్చింది. ఎర్రదీపం వెలుగుతోంది, మాట వెనక్కి తీసుకునే వీల్లేదు. నిజం చెప్పొద్దూ, తీసుకోవాలని ఆ క్షణాన అనిపించనూ లేదు.

వీధిలో వాళ్ళందరినీ పిలిచి రేడియో ముందు కూర్చోబెట్టిందట పిన్ని. వారం పోయాక వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. "పల్లవి బాగా వచ్చిందే. పై షడ్జం ఎక్కేముందు మాత్రం ఊపిరి తొందరపడి తీసుకున్నావు. కాస్త ఆగాల్సింది" అంది. అంతే. ఆ మొదటి మాట విందో, విననట్టు ఊరుకుందో నేను అడగలేదు. 1991లో పిన్ని పోయింది.

మొన్న నా మనవరాలు పాడుతోంది. పై షడ్జం దగ్గర చక్కగా ఒక్క రవ్వ ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కింది.

"అది ఎవరు నేర్పారే?" అన్నాను.

"ఎవరూ నేర్పలేదు అమ్మమ్మా, నాకే వచ్చేసింది."

నేను పిన్ని పేరు చెప్పాను. "ఎవరావిడ?" అంది. పొయ్యిమీద పాలు పొంగిపోయినా లేవకుండా, కత్తిపీట దగ్గర్నుంచి మొదలుపెట్టాను.