గట్టు ఎవరిది?

1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలానికి నీరు, పడవకు దారి. తెరచాపకు గాలి అందనప్పుడు భుజాన తాడు వేసుకుని గట్టు వెంట నడిచిన మనిషే ధాన్యం పడవను బెజవాడ చేర్చాడు. వంటా నిద్రా పడవలోనే. రైలూ లారీ ఆ బతుకును మింగినాయి. అతడు పడవ దిగి వన్ టౌన్ పక్కన కాలువ గట్టున గుడిసె వేసుకుంటే మాత్రం ఆక్రమణదారుడు!

కాలువ అందరిదీ అంటారు మిత్రులు. నేనూ కాదనను. ఆ అందరిలో అతడు లేడా? పట్టా, నిలిచి ఉన్నవాణ్ణే గుర్తిస్తుంది. కదలడమే వృత్తి అయినవాడు ఏ సర్వే నెంబరు చూపాలి? శ్రమే హక్కుకు మూలమనే మనం తాడు లాగిన శ్రమను ఎందుకు లెక్కించం? 2008లో ఏలూరు కాలువను జాతీయ జలమార్గం 4లో చేర్చారు. కాలువకు జాతీయ హోదా దొరికింది. దాని గట్టున కాళ్లరిగేలా నడిచినవాడు రేషన్ కార్డు మీద చిరునామా ఏమని రాయించుకోవాలి?