ప్రజావిశ్వాసం, పాలకుడి రుణం

పాలకుణ్ణి ప్రజలు ఎంతవరకు నమ్ముతున్నారో తెలుసుకోవాలన్న ఆరాటం ఎన్నికల సర్వేలతో పుట్టింది కాదు. రాజనీతిలో అది ఎంతో పాత విద్య. అయితే ప్రజల మనసు తెలుసుకోవడమూ, ప్రజలకు జవాబుదారీగా ఉండడమూ ఒకటేనా అన్నది ధర్మవిచారానికి చెందిన ప్రశ్న. ప్రాచీన భారత గ్రంథాలూ శాసనాలూ దీనికి ఒకే సమాధానం ఇవ్వవు.

గూఢచారులు తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల కావాలనే వాదులాడుకోవాలని అర్థశాస్త్రం మొదటి అధికరణంలోని 13వ అధ్యాయం నిర్దేశిస్తుంది. రాజు దండనలతో, పన్నులతో పీడిస్తున్నాడని ఒకడు అంటే రెండవవాడు ఖండించాలి. మత్స్యన్యాయానికి, అంటే బలవంతుడు బలహీనుణ్ణి మింగే అరాచకానికి, బెదిరిన జనం మనువును రాజుగా చేసుకుని ధాన్యంలో ఆరవ వంతు, సరుకుల్లో పదవ వంతు అతనికి భాగంగా ఇచ్చారని గుర్తుచేయాలి. పన్ను రక్షణకు ప్రతిఫలమన్న సూత్రం ఈ కథలో ఉన్నా, ఇక్కడ అది విమర్శకుల నోరు మూయించడానికే పనికివస్తున్నది. సామదానాలకు లొంగని అసంతృప్తులను పన్నులూ జరిమానాలూ వసూలు చేసే పనిలో పెట్టి, జనం వారిని ద్వేషించేటట్లు చేసి, ఆపైన తుదముట్టించవచ్చునని కూడా అదే అధ్యాయం చెబుతుంది. ఇక్కడ ప్రజాభిప్రాయం రాజు భద్రతకు సాధనమే తప్ప రాజును ప్రశ్నించే ప్రమాణం కాదు.

కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద కూడా చెక్కించిన అశోకుడి ఆరవ శిలాశాసనం దీనికి భిన్నమైన స్వరం వినిపిస్తుంది. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా పటివేదకులు, అంటే విషయాలు నివేదించే ఉద్యోగులు, ప్రజల పనులను వెంటనే తన దృష్టికి తేవాలని ఆ చక్రవర్తి ఆజ్ఞాపించి, తాను పడే శ్రమ అంతా ప్రాణుల పట్ల తనకున్న రుణం తీర్చుకోవడానికేనని ప్రకటించాడు. పాలనను రుణంగా భావించడం ఉన్నతమైన ఆలోచనే అయినా, ఆ బాకీ పద్దు రాసేదీ, తీరిందని చెప్పేదీ రుణగ్రస్తుడైన రాజే. అప్పిచ్చినవారికి అడిగే హక్కు లేదు.

అలాగని ప్రజల మాటకు తలవంచితే చాలుననీ అనలేము. రామాయణ ఉత్తరకాండలో రాముడి కొలువులోని భద్రుడు సీతను గురించి పురజనులు అనుకునే మాటలను నివేదించినప్పుడు, సీత పరిశుద్ధురాలని తన అంతరాత్మకు తెలిసి కూడా రాముడు ఆమెను విడిచిపెట్టాడు. ఆ నిర్ణయానికి ముందు సీత మాట విన్నవారు లేరు. లోకాపవాదాన్ని ఆలకించడం రాజధర్మంలో భాగమే కావచ్చు గాని, విచారణ లేని ఆలకింపు నిర్దోషికి శిక్ష అవుతుంది.

కనుక జవాబుదారీతనానికి అడిగే హక్కూ, నిజాన్ని పరీక్షించే పద్ధతీ రెండూ కావాలి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభకు అప్పగించిన సామాజిక తనిఖీ, అంటే ఖర్చుల లెక్కలను ప్రజలే సరిచూసే పద్ధతి, ఈ రెంటినీ ఒకచోట చేర్చింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని విస్తృతంగా అమలుచేసిన తొలి రాష్ట్రాలలో ఒకటి. సభలో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చదివి, ఫలానా కూలీ ఇన్ని రోజులు పనిచేసి ఇంత కూలి తీసుకున్నట్లు రాసి ఉందని చెప్పినప్పుడు, ఆ కూలీ అవునో కాదో అందరి ఎదుటా చెప్పగలదు, అధికారి అక్కడే సంజాయిషీ ఇవ్వవలసి వస్తుంది. ఇక్కడ అడిగే ప్రశ్న ప్రభుత్వాన్ని నమ్ముతున్నావా అని కాదు, నీకు రావలసింది వచ్చిందా అని.

భయం వల్లనో, తెలియకపోవడం వల్లనో కూడా నమ్మకం పెరగవచ్చు గనుక, సర్వేలో అది ఎంత శాతం తేలినా పాలకుడి ధర్మానికి రుజువు కాజాలదు. నమ్మనివాడు కూడా నిర్భయంగా లెక్క అడిగి జవాబు పొందగలిగే రాజ్యంలోనే ప్రజల నమ్మకానికి నైతికమైన విలువ ఉంటుంది.