ఏకాంతానికి కాపలా

హనీమూన్‌కి తెలుగులో వాడుక మాట లేదు. నిఘంటువుల్లో ఏదైనా ఉన్నా నోటికెక్కలేదు. మనకున్నది మూడు నిద్రలు. ఆ మూడు నిద్రలూ ఎంతమంది మధ్య, ఏ పెదనాన్న గురక వింటూ గడుస్తాయో పెళ్ళయిన వాళ్ళకి తెలుసు. మా పెళ్ళి 2025 మాఘమాసంలో అయింది. మండపంలో ఎనిమిది వందల మంది. ఆ తర్వాత వారం రోజులు మూడు గదుల ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు, బాత్రూమ్ ముందు క్యూ, వ్రతం పీటల మీద తప్ప పక్కపక్కన కూర్చునే వీల్లేకపోవడం. అందుకని ఇద్దరమే బైకు మీద ఎక్కడికైనా అడవిలోకి పోదాం అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ కోరికను నేను తక్కువ చేయను. ఏకాంతం మనిషికి కావాలి. దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నదే నన్నింకా వదలని ప్రశ్న.

తిరుమలలో రాత్రి చివరి సేవ పేరు ఏకాంత సేవ. తాళ్ళపాక వాళ్ళ తరఫున లాలి పాడాలి, తరిగొండ వెంగమాంబ పేరున హారతి ఇవ్వాలి, ఆ తర్వాత తలుపులు వేయాలి. పేరుకి ఏకాంతం. దేవుడు ఒంటరిగా పడుకోవాలన్నా పాడేవాళ్ళు, హారతి పట్టేవాళ్ళు, తాళం వేసేవాళ్ళు ఇంతమంది ఉండాలి. తలుపు బయట ఆగిపోయేవాళ్ళు కూడా ఉండాలి. మరి మన ఏకాంతం ఇంతకన్నా చవగ్గా ఎలా వస్తుంది?

ఇద్దరం బెంగళూరులోనే ఉద్యోగాలు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీదకి బైకుల్ని రానివ్వరు కాబట్టి సర్వీస్ రోడ్డు మీద రామనగర, మండ్య ఊళ్ళన్నీ దాటుకుంటూ మైసూరు, అక్కణ్ణుంచి నంజనగూడు, గుండ్లుపేట, బందీపూర్, మోయార్ నది దగ్గర తెప్పకాడు, మసినగుడి. ఆపైన గూడలూరు మీదుగా వయనాడ్ వెళ్ళి సుల్తాన్ బత్తేరి, ముత్తంగ దారిలో తిరిగి గుండ్లుపేట. మూడు రాష్ట్రాలు, అడవి మాత్రం ఒక్కటే. బైకు సగం దూరం నేను, సగం తను నడిపాం. నిజానికి తను బాగా నడుపుతుంది, నేను వెనక కూర్చుని బాగా చూస్తాను.

మార్చి మొదటి వారం. ఫొటోల్లో చూసే పచ్చటి అడవి కాదది. టేకు చెట్లు మోడులై ఉన్నాయి. మంటలు అంటుకుంటే పాకకుండా రోడ్డుకి రెండు వైపులా అటవీ శాఖ వాళ్ళు ముందే కాల్చిన నల్లటి పట్టీలు. 2019 ఫిబ్రవరిలో ఈ బందీపూర్‌లోనే వేల ఎకరాలు తగలబడ్డాయి. ఆ నలుపు మీద అక్కడక్కడా మోదుగ పూలు. బైకు మీద వెళ్తే ఆ మసి వాసన, ఎండుటాకుల వాసన, ఎక్కడో ఏనుగు లద్దె వాసన, అన్నీ నేరుగా మొహానికి తగులుతాయి. కారు అద్దం లోంచి ఇదంతా ఎక్కడొస్తుంది అని అందరిలాగే నేనూ అన్నాను. ఏనుగుల వైపు నుంచి చూస్తే ఇదో గొప్ప కాదు లెండి. అవి మన చెవికి అందని తక్కువ స్థాయి ధ్వనులతో దూరదూరాలకి మాట్లాడుకుంటాయని 1980లలో కేటీ పెయిన్ బృందం కనిపెట్టింది. వాటి సంభాషణ మధ్యలో మా బుల్లెట్ డుగుడుగు ఎలా వినపడి ఉంటుందో!

రోడ్డు పొడుగూతా ఒక పొద ఉంది. లాంటానా. మా గుంటూరు వైపు తలంబ్రాల చెట్టు అంటారు, ఒకే గుత్తిలో గులాబీ, పసుపు, నారింజ రంగుల పూలు కలగలిసి ఉంటాయని. తలంబ్రాలు పోసుకుని నెల తిరగని మాకు ఆ పేరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. తెల్లవాళ్ళు రెండు వందల ఏళ్ళ కిందట తోటల్లో అందానికని అమెరికా ఖండం నుంచి తెచ్చిన మొక్క. ఇవాళ జింకలు మేసే గడ్డిని మొలవనివ్వకుండా ఈ అడవుల్లోకి మైళ్ళకి మైళ్ళు పాకింది. ఆ కంపతోనే సోలిగ, కాట్టునాయకన్, పణియ మనుషులు నిలువెత్తు ఏనుగు బొమ్మలు అల్లుతున్నారు. అవి విదేశాల్లో ప్రదర్శనలకి కూడా వెళ్ళాయి. ఏనుగు బొమ్మకి దేశాలు దాటే వీలుంది, ఏనుగుకి రోడ్డు దాటే వీలు లేదు అని తను అంటే, దీన్ని ఎక్కడైనా రాసుకుంటానన్నాను.

మనుషులు లేని అడవిలో మేమిద్దరమే అని ఒక గంటసేపు అనిపించిన మాట నిజం. అంత హాయి అంతకుముందు ఎరగను. అయితే ఆ ‘మనుషులు లేకపోవడం’ ప్రకృతి ఇచ్చింది కాదు. బందీపూర్ మైసూరు మహారాజుల వేటకి కేటాయించిన అడవి. 1941లో వేణుగోపాల వన్యప్రాణి పార్కు అయింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టిన తొమ్మిది అడవుల్లో ఒకటి. రాజు వేట కోసం ఖాళీగా ఉంచిందే తర్వాత పులి కోసం ఖాళీగా ఉండాల్సి వచ్చింది. కబిని అవతల నాగరహొళెలో జేనుకురుబల్ని వాళ్ళ హాడిల నుంచి, అంటే గూడేల నుంచి, బయటికి పంపుతున్న 1990లలోనే, అదే అడవి లోపల టూరిస్టుల కోసం ఒక పెద్ద హోటల్ సంస్థకి లీజు దొరికింది. ఆదివాసులు పోరాడితే 1997లో కర్ణాటక హైకోర్టు ఆ లీజు చెల్లదంది. పోరాటం సంగతి అలా ఉంచి, ముందసలు ఆ ఆలోచన ఎవరికో సహజంగా తోచింది చూడండి: తేనె తీసేవాడు ఉంటే అడవి పాడవుతుంది, హనీమూన్‌కి వచ్చినవాడు ఉంటే పాడవదు!

మసినగుడిలో మేం దిగిన చోట ఒక పెద్దాయన కాపలా. భోజనాల గదికీ మా గదికీ నూరడుగుల దూరం. చీకటి పడ్డాక ఆయన టార్చి లేకుండా ఆ నూరడుగులూ నడవనివ్వలేదు. మాకు తమిళం సగమే తెలుసు, ఆయనకి ఆ సగం చాలు. ఒకప్పుడు తన పశువుల్ని లోపలికి తోలుకుపోయేవాడట, ఇప్పుడు పశువులూ లేవు, తోలనిచ్చేవాళ్ళూ లేరు. రాత్రంతా మేలుకుని ఉండటం ఆయన పని. మేం ‘ఇద్దరమే’ ఉన్న ఆ రెండు రాత్రులూ మాకు యాభై అడుగుల దూరంలో ఒక ముసలాయన నెగడు దగ్గర కూర్చునే ఉన్నాడు. ఈ మసినగుడిలోనే 2021 జనవరిలో ఒక హోమ్‌స్టే మనుషులు మండుతున్న టైరు విసిరితే ఏనుగు కాలి చచ్చిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే, 2020 అక్టోబరులో, ఏనుగుల దారిలో రిసార్టులు ఉండకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. టైరు విసరడమూ, టార్చి పట్టడమూ రెండూ అతిథుల సుఖం కోసమే. ఏ అతిథీ విసరమని అడగలేదు, నిజమే. పట్టుకోమని కూడా అడగలేదు.

మన కథల్లో అడవికెళ్ళిన మగవాడికి ఇంత సులువుగా జరగలేదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని ఇష్టపడితే వాళ్ళింటి అల్లుడు కావాల్సి వచ్చింది. 1958 నాటి ‘చెంచులక్ష్మి’ సినిమాలో అంజలీదేవి అంతటి దేవుడికి చెట్లెక్కడం వచ్చా అని పరీక్ష పెడుతుంది, అక్కినేని తలకిందులవుతాడు. ఇప్పటికీ సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో ఆ స్వామి సుమారు నలభై రోజులు పల్లకిలో ఊరూరూ తిరుగుతాడు, తన పెళ్ళికి రమ్మని పిలవడానికని చెప్తారు. పెళ్ళిచేసుకుని అడవికి చుట్టమైనవాడు ఆయన. మేం పెళ్ళిచేసుకుని చుట్టాల నుంచి పారిపోయి అడవికి వచ్చినవాళ్ళం. చెంచుల్ని కథల్లో అత్తవారిని చేసి బయట అడవిలో దొంగల్లా చూసిన సమాజమే ఇది కూడా, కాబట్టి ఈ పోలికని మరీ పొడిగించను.

ఇక గేటు సంగతి. బందీపూర్ లోంచి పోయే రెండు జాతీయ రహదారుల మీదా 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు బంద్. అంబులెన్సుల్నీ, కొద్దిపాటి బస్సుల్నీ మాత్రం వదులుతారు. సుల్తాన్ బత్తేరి నుంచి తిరిగొస్తూ మేం ముత్తంగ చేరేసరికి చీకటి పడింది. గేటు వేసేలోపు దాటాలని లారీలు, కార్లు తోసుకుంటూ వెళ్తున్నాయి. తను నడుపుతోంది, నేను వెనకాల గడియారం చూస్తున్నాను. ఎనిమిదీ యాభైకి మద్దూరు దగ్గర బయటపడ్డాం. మేం రావడం, కాసేపటికి గేటు పడటం. వెనక ఆ చీకటంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. నాకు ఒళ్ళు పులకరించింది. "అడవికి ఏకాంత సేవ మొదలైంది" అన్నాను. బాగా అన్నాననుకున్నాను కూడా.

తను నవ్వలేదు. వాళ్ళది ఈగలపెంట. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మామయ్య ఉద్యోగం, అడవి మధ్య క్వార్టర్లు. హైదరాబాద్ నుంచి వెళ్ళే దారిలో మన్ననూరు దగ్గర అక్కడా ఇలాంటి గేటే, అవే వేళలు. కాలేజీ సెలవలకి ఇంటికెళ్ళడమంటే తొమ్మిది లోపు మన్ననూరు దాటడం. "నీకు గేటు మంచిగనే అనిపిస్తది. నీ ఇల్లు దాని అవతల లేదు గద" అంది.

గేటు తీసేయమంటావా అని అడిగాను.

"తీసేయమన్లే. పులి ఉన్న కాడ ఉండాలె. చూసి మురవకు అంటున్న."

దీని మీద మేం చాలా రోజులు వాదించుకున్నాం, ఇప్పటికీ ముగియలేదు. నా వాదన ఇది. ఒక నియమం సరైనదా కాదా అన్నది, దాన్ని సమర్థించేవాడికి ఎంత నష్టం అన్నదాని మీద ఆధారపడదు. రాత్రిపూట హెడ్‌లైట్లలో కళ్ళు చెదిరి నిలబడిపోయే జింకకి, నా ఇల్లు ఎటువైపుందో అనవసరం. పైగా, నష్టపోయేవాళ్ళే మాట్లాడాలంటే అందరికన్నా ఎక్కువ నష్టపోయే ఏనుగు మాట్లాడలేదు. దాని తరఫున ఎవరో ఒకరు, ఏ నష్టమూ లేనివాళ్ళే, నోరు తెరవాలి.

తన వాదన నియమం గురించి కాదు, దాన్ని చూసి నాకు కలిగిన సంతోషం గురించి. 2019లో ఈ కోళికోడ్ రోడ్డుని పగలు కూడా మూసేస్తారేమోనన్న భయంతో సుల్తాన్ బత్తేరిలో కుర్రాళ్ళు నిరాహార దీక్షలకి కూర్చున్నారు. అదే దారిలో ముత్తంగలో 2003 ఫిబ్రవరి 19న, భూమి కోసం సి.కె. జాను నాయకత్వంలో గుడిసెలు వేసుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మేం ఆ చోటు దాటుతున్నప్పుడు నేను గడియారం చూస్తున్నాను. ఇంతమంది మీద పడే భారం నాకు కవిత్వంగా వినపడటమే తనకి నచ్చలేదు. న్యాయమైన శిక్షని కూడా చూసి చప్పట్లు కొట్టకూడదు కదా అంటుంది. ఇక్కడ తన మాట కాదనలేకపోతున్నాను. అభిప్రాయం సరైనదే అయినా, దాన్ని ఎంత వెచ్చగా పట్టుకోవచ్చన్నది మన జేబులోంచి ఎంత పోయిందన్నదాన్ని బట్టి ఉంటుందేమో.

అయితే తన వాదనకీ ఒక మెలిక పడింది, అదే రాత్రి. గేటు ఇవతల టీ బండి దగ్గర ఆగాం. కేరళ వైపు వెళ్ళాల్సిన కూరగాయల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మా తెలుగు విని ఒక డ్రైవరు పలకరించాడు, కర్నూలు ఉల్లిగడ్డ లోడు. పాపం పొద్దున దాకా ఆగాలా అని తను జాలిపడింది. "గేటేసినారంటే పండుకుంటాం మేడమ్. లేదంటే ఓనరు పండుకోనిస్తాడా?" అన్నాడు. లారీ కింద దుప్పటి పరిచే ఉంది.

ఎవరికి ఏది భారమో బయటినుంచి లెక్క కట్టడం ఇంత కష్టం. నేను ఒక్క లెక్క మాత్రం తేల్చుకున్నాను. అడవికి ఇంకొంత ఊపిరి కావాలని రేపు ఎవరైనా అంటే, ముందు ఆపాల్సింది ఉల్లిగడ్డల లారీనో ఈగలపెంట బస్సునో కాదు, మమ్మల్ని. సరదాకి వచ్చేవాళ్ళని. నీలగిరికి వెళ్ళడానికి మద్రాసు హైకోర్టు 2024 మే నుంచి ఇ-పాస్ పెట్టింది, మేమూ తీసుకునే వెళ్ళాం, ఫోన్లో రెండు నిమిషాల పని. అది రెండు నిమిషాల పనిగా ఉండకూడదు. దొరకని రోజులు ఉండాలి, దొరకని జంటలు ఉండాలి. ఈ మాట తనతో అంటే, "హనీమూన్ అయిపోయినంక చెప్తున్నవ్" అంది.

మేం తిరిగొచ్చిన రెండు నెలలకి, మే నెలలో, నాగరహొళెలో యాభైకి పైగా జేనుకురుబ కుటుంబాలు తమ పాత హాడి ఉన్నచోటికి నడిచి వెళ్ళి, 2006 అటవీ హక్కుల చట్టాన్ని చూపించి, కర్రలు పాతి టార్పాలిన్లు కప్పుకుని కూర్చున్నాయి. అటవీ శాఖ వాళ్ళూ పోలీసులూ అడ్డం వెళ్ళారు. అన్నం తింటూ ఆ వార్త తను నాకు చదివి వినిపించింది. వాళ్ళు ఇల్లు అంటున్న చోటే మనం ఏకాంతం అనుకున్నది అనబోయి ఊరుకున్నాను, మళ్ళీ కవిత్వం అంటుందని. ఈగలపెంటకి ఈ ఎండాకాలం ఒకసారి పోవాలి, అత్తయ్య ఎప్పట్నుంచో పిలుస్తోంది. బైకు మీదయితే మధ్యాహ్నం మూడింటికే హైదరాబాద్ దాటాలట. చీకటి పడ్డాక మన్ననూరు నుంచి పైకి వద్దని మామయ్య ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.